నీళ్ల కోసం తవ్విన వీధి

ఆ వీధికి నీళ్ల లైను తెచ్చినవాడని టైలరమ్మ మరిదికి పేరుండేది. నిజానికి అతను తెచ్చిందేమీ లేదు. అతను పొక్లెయిన్ నడుపుతాడు. కాంట్రాక్టరు సున్నంతో గీత గీసి చూపించిన చోట కందకం తవ్వాడు, అంతే. కానీ తవ్వుతున్నది తమ వీధి, యంత్రం మీద కూర్చున్నది తమవాడు. దాంతో జనం ఆ ఘనతంతా అతనికే కట్టబెట్టారు. బకెట్టు మొదటిసారి నేలలో దిగినప్పుడు వీధి వీధంతా బయటికొచ్చి చప్పట్లు కొట్టింది. టైలరమ్మ పనివాళ్లందరికీ గ్లాసుల్లో నిమ్మరసం పంచింది. అత్తగారు కాంట్రాక్టరు చెయ్యి పట్టుకుని ఊపి ఊపి వదిలింది. కాంట్రాక్టరు మనిషి ఒకడు సెల్‌ఫోను పైకెత్తి ఇదంతా వీడియో తీసుకున్నాడు.

కందకం తవ్వడం వరకే మరిది పని. మర్నాడే అతన్ని ఇంకో వీధికి పంపేశారు. పైపులు దింపే ముఠా వేరే. వాళ్లెవరో ఈ ఊరివాళ్లు కారు. కందకం చుట్టూ ఎత్తుగా రేకులు కట్టుకుని లోపల పని చేసుకున్నారు. దుమ్ము ఇళ్లలోకి రాకుండా అన్నారు. దుమ్ము గురించి కూడా ఆలోచించేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారని అత్తగారు మురిసిపోయింది. ఆ తర్వాత కందకం పూడ్చి, పైన రోడ్డు వేసి, ఇంటింటి గోడకూ ఒక కుళాయి బిగించి వెళ్లిపోయారు.

కుళాయి వచ్చింది గానీ నీళ్లు రాలేదు. ముందు మోటార్లు రావాలన్నారు. మోటార్లు వచ్చాక ట్యాంకు కట్టాలన్నారు. అలా రెండేళ్లు గడిచాయి. వీధి మళ్లీ ట్యాంకరు లారీ కోసమే ఎదురుచూస్తూ ఉంది. టైలరమ్మ భర్త సరుకుల ఓడ మీద వంటవాడు, ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రం మీదే. అతను ఫోను చేసినప్పుడల్లా అత్తగారు, "నీ చుట్టూ అన్ని నీళ్లు పెట్టుకుని ఏం చేసుకుంటావురా, రెండు బిందెలు ఇటు పంపరాదూ" అనేది.

ఈలోగా రేవుకు అవతల ఇసుకలో గ్యాస్ టెర్మినల్ లేచింది. మంచుకన్నా చల్లగా, ద్రవంగా మార్చిన గ్యాస్ ఓడల్లో అక్కడికి వస్తుంది. దాన్ని తెల్లటి పెద్ద ట్యాంకుల్లోకి దింపుకుని, మళ్లీ గ్యాస్‌గా మార్చి, ఊరి అవతలున్న కరెంటు కేంద్రానికి పైపులో పంపుతారు. ట్యాంకులు కట్టడమైపోయింది. పైపులైను మాత్రం ఇంకా కాగితం మీదే ఉందని, ఊళ్లోవాళ్ల అభిప్రాయం విన్నాకే మొదలుపెడతామని కంపెనీ చెప్పింది. వేసవిలో ఒక ఓడ వచ్చి వెళ్లింది. ట్యాంకులు చల్లబరిచి చూసుకోవడానికి మాత్రమే అన్నారు.

రేవు దగ్గరివాళ్లు దీని మీద గొడవ మొదలుపెట్టారు. వాళ్లు టైలరమ్మ దగ్గరికి మొదట బ్యానరు కుట్టించుకోవడానికే వచ్చారు. గుడ్డ మీద అక్షరాలు కుడుతూ కుడుతూ ఆమె వాళ్లను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. పైపు పగిలితే ఏమవుతుంది, ఎంత దూరం కాలుతుంది, అప్పుడు జనం ఎటు పరిగెత్తాలి. బ్యానరు పూర్తయ్యేసరికి ఆమె కమిటీలో ఉంది. నెల తిరిగేసరికి కమిటీ ఆమె ముందు గదిలో ఉంది. ఎందుకంటే బట్ట కత్తిరించే బల్ల ఉన్న ఇల్లు అదొక్కటే. కమిటీకి పెద్ద రిటైరైన లెక్కల మాస్టారు. మీటింగుకి ఎవరైనా ఆలస్యంగా వస్తే ఆయన ఇప్పటికీ గుమ్మంలో నిలబెట్టేవారు.

కంపెనీ తరఫున జనంతో మాట్లాడ్డానికి ఒకావిడ వచ్చేది. ఎవరేమన్నా, ఎంత గట్టిగా అన్నా, ఆవిడ పెదాల మీద నవ్వు చెరిగేది కాదు. వీధిలో ఆవిడకు నవ్వుల మేడం అని పేరు పడింది. ఆ బల్ల మీదే ఆవిడ రంగురంగుల మ్యాపు పరిచి, వేలితో గీత చూపించింది.

"చూడండి, లైను ఉప్పు మడుల అవతల నుంచి పోతుంది. మీ వీధికి దానికీ సంబంధమే లేదు. మీరు అనవసరంగా కంగారు పడుతున్నారు."

"మా వీధి కాకపోతే ఇంకొకళ్ల వీధి" అంది టైలరమ్మ.

"అసలు ఏ వీధీ కాదండీ. ఒక్క ఇంటి కింద నుంచి కూడా పోదు."

మరిది ఈ మీటింగులకు దూరంగా ఉండేవాడు. అతనికి పని ఇచ్చేవాళ్లందరూ ఎక్కడో ఒకచోట కంపెనీతో ముడిపడినవాళ్లే. "తవ్వేది నేను, ఆపేది నువ్వు. ఒకే ఇంట్లో రెండూ ఉంటే ఎలా వదినా" అని నవ్వేసి, తన పళ్లెం పట్టుకుని వెనక వరండాలోకి పోయేవాడు.

ఆ ఏడు వానలు పెద్దగా పడ్డాయి. వీధి చివర మురుగు కాలువ పూడిపోయి, నీళ్లు గడపల దాకా వచ్చాయి. ఊరి ఆఫీసువాళ్లు కాలువ తవ్వించమని మరిదికే చెప్పారు. సొంత వీధి కదా అని అతను కూడా సంతోషంగా ఒప్పుకున్నాడు. భోజనాల వేళకు కాస్త ముందు పొక్లెయిన్ తెచ్చి వీధి మలుపులో నిలబెట్టాడు. నీళ్ల లైను ఎక్కడ తవ్వాడో అతనికి బాగా గుర్తుంది. దానికి తగలకుండా బారెడు ఇవతలగా బకెట్టు దింపాడు.

టైలరమ్మ కిటికీ దగ్గర మిషను మీద ఉంది. కుడుతూ కుడుతూ తలెత్తి చూసేసరికి బకెట్టు మట్టితో పైకి లేస్తోంది. బకెట్టు పళ్లకు పసుపు పచ్చటి రిబ్బను ఒకటి చిక్కుకుని వేలాడుతోంది. మట్టిలోంచి వచ్చిన చెత్త అనుకుంది ముందు. కానీ బట్టలతో బతికే మనిషి, చూపు దాన్ని వదల్లేదు. రిబ్బను మాసిపోలేదు, చిరిగిపోలేదు, బెత్తెడు వెడల్పున కొత్తగా ఉంది. దాని మీద అక్షరాలున్నాయి.

ఆమె మెడలో టేపు అలాగే వేసుకుని బయటికొచ్చింది. బకెట్టు మట్టి కుమ్మరించినప్పుడు తెగిపడిన ముక్క ఒకటి గుట్ట మీద కనిపించింది. దులిపి చదివింది.

'హెచ్చరిక. కింద అధిక పీడన గ్యాస్ పైపు ఉంది. తవ్వరాదు.'

మొదట ఆమెకు అర్థం కాలేదు. అక్షరాలు చదివింది గానీ అవి ఈ వీధిలో, తన చేతిలో ఎందుకున్నాయో బుర్రకెక్కలేదు. మరోసారి చదివింది. అప్పుడు అర్థమైంది.

"ఆపు" అని అరిచింది. ఇంజను హోరులో ఆమె మాట ఆమెకే వినపడలేదు. రెండు చేతులూ పైకెత్తి ఊపింది. మరిది భోజనానికి పిలుస్తోందనుకున్నాడు. ఇదొక్కటీ అయ్యాక వస్తానన్నట్టు తలూపి, నవ్వి, బకెట్టును మళ్లీ గోతి మీదికి తిప్పాడు.

టైలరమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. మట్టిగుట్ట మీద నుంచి జారి, గోతి అంచున, సరిగ్గా బకెట్టు కింద నిలబడింది.

బకెట్టు గాల్లో ఆగి అటూ ఇటూ ఊగింది. ఇంజను ఆగిపోయింది. మరిది క్యాబిన్‌లోంచి సగం బయటికొచ్చాడు.

"చావాలనుందా వదినా? ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో తెలుసా?"

ఆమె రిబ్బను పైకెత్తి చూపించింది. అతను దిగొచ్చి అందుకుని చదివాడు. చదివి, తిరగేసి వెనక వైపు చూశాడు, అక్కడేదో వేరే మాట ఉంటుందేమో అన్నట్టు.

"ఏ గ్యాసు?"

"నన్నడుగుతావేం. ఇక్కడ తవ్వింది నువ్వే కదా."

అతను గోతిలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, చేతుల్తో మట్టి తీయసాగాడు. ఎంతో లోతుకు పోనక్కర్లేకపోయింది. తడి మట్టి కింద పసుపు రంగు పూత పూసిన ఉక్కు పైపు వీపు బయటపడింది. ఒక మనిషి చేతులు చాచినా కౌగిట్లోకి రాని లావు. పైపులు దింపిన ముఠా అతను తవ్విన చోటును ఇవతలికి వెడల్పు చేసుకుని ఉంటుంది. పైపు వీపు మీద జానెడు పొడుగున పూత లేచిపోయి తెల్లటి గీత పడి ఉంది.

ఆ గీత కొత్తది. కొద్దిసేపటి క్రితం బకెట్టు పళ్లు గీసింది.

మరిది ఆ గీత మీద వేలు పెట్టి రుద్దాడు. మళ్లీ రుద్దాడు. చెరిగేది కాదని తెలిసినా రుద్దుతూనే ఉన్నాడు. టైలరమ్మ కూడా దిగి, పైపు మీద అరచెయ్యి ఆన్చింది. చల్లగా ఉంది. ఆ చల్లదనం లోపల సన్నటి అదురు ఒకటి ఆగకుండా సాగుతోంది. మిషను మోటారు తిరుగుతున్నప్పుడు బల్ల మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా.

"ఇందులో ఏదో పోతోంది" అంది మెల్లగా.

మరిది వేలు గీత మీదే ఆగిపోయింది. అతని చూపు గోతిలోంచి పైకి లేచి, తమ ఇంటి గుమ్మం మీద ఆగింది. వాళ్లమ్మ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పక్కింటి పిల్లలు ఆవిడ చుట్టూ చేరి పొక్లెయిన్‌ని చూస్తున్నారు.

"ఏరా, నీళ్ల పైపు పగలగొట్టావా ఏంటి?" అంది అత్తగారు అక్కడి నుంచే.

"లేదమ్మా."

"మరి అలా గుడ్లప్పగించి చూస్తావేం?"

టైలరమ్మ గోతిలోంచి పైకొచ్చి, ముందు తన ఇంట్లోకే పరిగెత్తి పొయ్యి ఆర్పింది. తర్వాత ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి, "పొయ్యి ఆపండి, పిల్లల్ని తీసుకుని రోడ్డు దాకా వెళ్లండి, తర్వాత చెప్తాను" అంటూ పోయింది. ఎందుకని అడిగినవాళ్లు ఆమె ముఖం చూసి ఇంకోమాట అడగలేదు. లెక్కల మాస్టారు ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు వేసుకుని బయటికొచ్చారు. ఆయన్నలా ఎవరూ ఎన్నడూ చూడలేదు. అయినా ఎవరూ నవ్వలేదు.

వీధి మొదట్లో నిలబడి ఆమె నవ్వుల మేడంకి ఫోను చేసింది.

"మేడం, మా వీధి మలుపులో తవ్వుతుంటే ఒక పైపు..."

"ఎవరూ ముట్టుకోకండి" అంది అవతలి గొంతు. "ఆ యంత్రం వెంటనే ఆపించండి. ఎవరూ ఏదీ వెలిగించొద్దు. నేను మనుషుల్ని పంపిస్తున్నాను, ఎవరూ ముట్టుకోకండి."

టైలరమ్మ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయింది. మేడం ఏ పైపు అని అడగలేదు. ఎంత లావుంది, ఏ రంగని అడగలేదు. ఆమె ఇంకా చెప్పడం పూర్తి కూడా చెయ్యలేదు.

"మీకు తెలుసన్నమాట" అంది.

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

నీళ్ల ట్యాంకరు కోసం ఫోను చేస్తే వారానికి వచ్చే వీధి అది. కంపెనీ బళ్లు మాత్రం గ్లాసుడు టీ తాగినంత సేపట్లో వచ్చేశాయి. హెల్మెట్లు పెట్టుకున్నవాళ్లు దిగి గోతి చుట్టూ టేపు కట్టారు. ఒకడు చిన్న మీటరు పట్టుకుని గోతి అంచున వంగాడు. వాళ్ల ఇంజనీరు జనం వైపు చేతులు చాచి, "కంగారు పడకండి, ఇది పాత లైను, ఖాళీది" అన్నాడు.

"ఖాళీదైతే ఆ మీటరెందుకు?" అన్నాడు మరిది.

"అది మా పద్ధతి. ఇంతకీ ఇక్కడ తవ్వింది ఎవరు?"

"నేనే."

"ఎవరు తవ్వమన్నారు?"

"ఈసారి ఊరి ఆఫీసువాళ్లు. పోయినసారి మీరు. రెండుసార్లూ తవ్వింది నేనే."

ఇంజనీరు మీటరు పట్టుకున్నవాడి వైపు చూశాడు. చివరికి, "సరే, ముందు దీన్ని పూడ్చెయ్. మట్టి మెల్లగా వెయ్" అన్నాడు.

మరిది జేబులోంచి యంత్రం తాళం తీశాడు. వెళ్లి క్యాబిన్ ఎక్కుతాడనుకున్నారు అందరూ. అతను ఆ తాళం తెచ్చి వదిన చేతిలో పెట్టాడు.

"తాళం మా వదిన దగ్గరుంది. ఆవిణ్ని అడగండి" అన్నాడు.

టైలరమ్మ గుప్పిట మూసింది. రెండు వైపులా జనం వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. గోతిని ఆ రోజు ఎవరూ పూడ్చలేకపోయారు.

లీకేమీ లేదని మీటరు చూసి చెప్పాక అందరూ ఇళ్లకు చేరారు గానీ, ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలగలేదు. రొట్టె ముక్కలు ముందు పెట్టుకుని ముగ్గురూ వెనక వరండాలో కూర్చున్నారు. మరిది చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటాడు, మళ్లీ లేచి వెళ్లి కడుక్కుంటాడు. అత్తగారికి ఎవరు ఎంత చెప్పినా ఒక్కటే ప్రశ్న. "అయితే మనం ఇన్నాళ్లూ దాని మీదే పడుకున్నామా?" టైలరమ్మ అవునంది. కాసేపాగి ఆవిడ మళ్లీ అదే అడిగింది.

"వదినా" అన్నాడు మరిది.

"తిను ముందు."

"నేను తవ్వింది ఈ ఒక్క వీధే కాదు."

ఆమె చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది.

"మార్కెట్టు పక్క సందు తవ్వాను. పిల్లల ఆసుపత్రి వెనక తవ్వాను. బడి ముందు నుంచి పోస్టాఫీసు దాకా తవ్వాను. అన్నిచోట్లా నీళ్ల లైనే అన్నారు. అన్నిచోట్లా చప్పట్లు కొట్టారు వదినా."

టైలరమ్మ రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేసింది. ఉప్పు మడుల అవతలగా మేడం వేలితో చూపించిన గీత గుర్తొచ్చింది. ఆ గీతను చూసి తామంతా ఎన్ని మీటింగులు పెట్టుకున్నారో, రాని పైపును ఆపడానికి ఎన్ని బ్యానర్లు కుట్టిందో గుర్తొచ్చింది. వాటన్నిటి కిందా పైపు పడుకునే ఉంది.

మర్నాటి నుంచి మరిది పనిలోకి పోలేదు. తవ్విన ప్రతి వీధికీ వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. తోడొస్తానంటే వదినను రావద్దన్నాడు. మొదటి వీధిలో ఎవరూ నమ్మలేదు. రెండో వీధిలో నవ్వారు. మార్కెట్టు పక్క సందులో మంగలి ఒకతను గడ్డం గీస్తున్న కత్తి పక్కన పెట్టి, చివరిదాకా విన్నాడు.

"అంటే మా ఇంటి కింద అది పెట్టింది నువ్వేనా?"

"గొయ్యి తవ్వింది నేనే."

మంగలి అతని చెంప మీద ఒక్కటిచ్చాడు. కుర్చీలో నురగ ముఖంతో కూర్చున్న మనిషి లేచి నిలబడ్డాడు. మరిది చెంప తడుముకోలేదు. "మీ పక్కింటివాళ్లు లేరు, వాళ్లొచ్చాక మీరైనా చెప్పండి" అని, ఇంకో గుమ్మం ఎక్కాడు. సాయంత్రం ఆ మంగలే వెతుక్కుంటూ వచ్చి టైలరమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు. కమిటీలో తన పేరు రాసుకోమన్నాడు.

ఆ వారంలోనే ఊరి ఆఫీసు హాల్లో జనాభిప్రాయ సభ జరిగింది. ముందే అనుకున్న సభ అది. కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని, కిటికీల్లో కూర్చుని విన్నారు. వేదిక మీద పై ఊరి నుంచి వచ్చిన అధికారి, ఆయన పక్కన కంపెనీ లాయరు, చివర నవ్వుల మేడం ఉన్నారు. ఆవిడ ఆ రోజు కూడా నవ్వుతూనే ఉంది గానీ, టైలరమ్మ ఉన్న వైపు చూడలేదు.

అధికారి కళ్లజోడు సర్దుకుని, ప్రతిపాదనలో ఉన్న పైపులైను గురించి అని మొదలుపెట్టాడు. 'ప్రతిపాదనలో ఉన్న' అన్న మాట వినగానే హాలంతా లేచింది. లెక్కల మాస్టారు చెయ్యెత్తి అందరినీ కూర్చోబెట్టి, గోతి సంగతి, రిబ్బను సంగతి ఒక్క మాట కూడా పెంచకుండా చెప్పారు. అధికారి లాయరు వైపు తిరిగాడు. అధికారికి కూడా ఇది కొత్తేనని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

లాయరు తడబడలేదు. "అది దాచిపెట్టి వేసిన లైను కాదు. ఆ వీధి ప్రజల సమక్షంలో, వాళ్ల సంతోషకరమైన అంగీకారంతోనే వేశాం. చూడండి" అని గోడ మీద వీడియో వేయించాడు.

గోడ మీద ఆ వీధి కనిపించింది. రెండేళ్ల నాటి ఎండ. పొక్లెయిన్ మీద మరిది పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. టైలరమ్మ పళ్లెంలో గ్లాసులు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. అత్తగారు కాంట్రాక్టరు చెయ్యి వదలకుండా, కెమెరా వైపు తిరిగి అంటోంది. "మీ మేలు ఈ జన్మలో మర్చిపోం బాబూ. వెయ్యండి, తొందరగా వెయ్యండి."

టైలరమ్మకు తమ ఇంటి మనుషుల్ని, తమ నవ్వుల్ని ఎవరో దొంగిలించి, వాటికి వేరే అర్థం కుట్టి తెచ్చినట్టనిపించింది. పక్కన కదలిక తెలిసి తిరిగి చూసింది. అత్తగారు ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడుతోంది.

"అది నేనే" అంది ఆవిడ. మైకు లేకపోయినా ఆ మాట చివరిదాకా వినపడింది. "ఆ మాటలన్నీ నావే. నేను నీళ్లకి చెప్పాను బాబూ. నీళ్లొస్తాయని చెప్పాను."

లాయరు గొంతు సవరించుకున్నాడు. "మేము నీళ్లని ఎక్కడా చెప్పలేదమ్మా. సౌకర్యాల లైను అని చెప్పాం. సౌకర్యమంటే నీళ్లు కావచ్చు, ఇంకోటి కావచ్చు."

ఆవిడ అతని వైపే చూస్తూ నిలబడింది. మెల్లగా కూర్చుని, టైలరమ్మ చెయ్యి వెతికి పట్టుకుంది.

అప్పుడు మరిది మైకు దగ్గరికొచ్చాడు. జనంలో మాట్లాడిన అలవాటు లేని మనిషి. "వీడియోలో ఉన్నది నేనే" అన్నాడు. "నేను ఎక్కడెక్కడ తవ్వానో చెప్పి వెళ్లిపోతాను. రేవు రోడ్డు మలుపు. మా వీధి. మార్కెట్టు పక్క సందు. పిల్లల ఆసుపత్రి వెనక గోడ పొడుగూతా. బడి ముందు. పోస్టాఫీసు సందు."

"అది కాదు" అంది ఎవరో వేదిక మీద నుంచి.

అందరూ అటు చూశారు. నవ్వుల మేడం లేచి నిలబడి ఉంది.

"పోస్టాఫీసు సందులో వెయ్యలేదు" అంది. "అది మ్యాపులో లేదు. నాకు చూపించిన మ్యాపులో... లైను బడి దాటాక ఉప్పు మడుల వైపు తిరిగిపోతుంది. పోస్టాఫీసు సందు కాదు."

"నేనే తవ్వాను మేడం."

"మీరు పొరపాటు పడుతున్నారు."

మరిది గొంతులో కోపం లేదు. బాధపెట్టే కబురు చెప్పాల్సి వచ్చినవాడి గొంతది. "సందులో ఎడం చేతి వైపు మూడో ఇల్లు, ఆకుపచ్చ గేటు. అది మీ ఇల్లని తర్వాత తెలిసింది. గోడకి ఆనుకునే తవ్వాల్సొచ్చింది. మీ నాన్నగారు అరుగు మీద కుర్చీ వేసుకుని మూడు రోజులూ చూశారు. చెవులు సరిగా వినపడవు కదా ఆయనకి. ఏంటిది బాబూ అని అడిగితే, నీళ్లండీ అని నేనే గట్టిగా అరిచి చెప్పాను."

ఆవిడ పెదాలు నవ్వు ఆకారంలోనే ఉండిపోయాయి. కళ్లు మాత్రం వేరే ఎవరివో అన్నట్టు మారిపోయాయి. లాయరు వైపు తిరిగింది. అతను ముందున్న కాగితాలు సర్దుకుంటున్నాడు. తలెత్తలేదు. ఆ తలెత్తకపోవడంలోనే ఆవిడకు జవాబు దొరికింది. వేదిక మెట్లు దిగి, జనం తొలగి ఇచ్చిన దారిలోంచి, సంచీలో ఫోను కోసం వెతుక్కుంటూ బయటికి నడిచింది. గుమ్మం దాటాక ఆవిడ గొంతు లోపలికి వినిపించింది. "నాన్నా, పొయ్యి ఆపు. పొయ్యి. పొయ్యి ఆపు నాన్నా." చెవులు వినపడని మనిషికి ఆవిడ మళ్లీ మళ్లీ చెప్తూనే ఉంది.

అధికారి సభ ఆపేశాడు. జనం మాత్రం ఇళ్లకు పోలేదు. మరిది చెప్పిన వీధులన్నిటిలో, అతను చెప్పిన గీత పొడుగూతా, కుర్చీలు, బల్లలు, మంచాలు తెచ్చి వేసుకుని కూర్చున్నారు. ఏ బండీ కదల్లేదు. ఊళ్లో పొక్లెయిన్ నడిపేవాళ్లు ఒక్కరు కూడా కంపెనీ పనికి పోలేదు. కొన్నాళ్లకు గ్యాస్ ఆపేస్తున్నామని ప్రకటన వచ్చింది. నెలల తరబడి పరీక్ష కోసం పంపుతూనే ఉన్నామని అందులోనే ఒప్పుకున్నారు. విచారణ వేశారు. మరిది చోట్లు చూపిస్తే పలుగూ పారా పట్టి, చేతుల్తోనే గోతులు తీశారు. చూపించిన ప్రతిచోటా పైపు ఉంది. ఆసుపత్రి వెనక అది తేలినప్పుడు కిటికీల్లోంచి చూస్తున్న నర్సులు ఒక్కొక్కరే లోపలికి తప్పుకున్నారు.

నవ్వుల మేడం కంపెనీ మానేసిందన్నారు. విచారణలో తనకు తెలిసినదంతా చెప్పింది. ఒకసారి టైలరమ్మ ఇంటి ముందుకొచ్చి, లోపలికి రాకుండా కాసేపు నిలబడి వెళ్లిపోయింది. టైలరమ్మ కిటికీలోంచి చూసింది గానీ లేచి పిలవలేకపోయింది. తర్వాత చాలాసార్లు పిలిచి ఉండాల్సిందనుకుంది. ఒక్కోసారి పిలవకపోవడమే మంచిదైందనీ అనుకుంది.

పైపును ఖాళీ చేశామని కంపెనీ చెప్పింది. బయటికి తీసే సంగతి కోర్టులో ఉంది. ఇంతకుముందు ఖాళీదన్నవాళ్లే ఇప్పుడూ ఖాళీదన్నారు కాబట్టి వీధిలో ఎవరూ హాయిగా పడుకోలేకపోయారు. అయినా ఇల్లొదిలి పోదామన్న మాట టైలరమ్మ ఎత్తలేదు. ఆ ఇంట్లోనే కాపురానికొచ్చి, ముగ్గురు పిల్లల్ని కని, ఒకర్ని పోగొట్టుకున్న అత్తగారిని ఎలా కదిలించడమా అని మరిదీ ఆమే తర్జనభర్జన పడుతుండగా, ఒక ఉదయం చూసేసరికి ఆవిడ తన పెట్టె సర్దుకుని, గుమ్మం బయట దాని మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికైనా సరే" అంది. "నేనిక్కడ కాలు కింద పెట్టలేకపోతున్నాను."

బస్సు డిపో దగ్గర, బట్టల కొట్టు మీద రెండు గదులు దొరికాయి. మిషను, కత్తిరించే బల్ల మెట్ల మీద పట్టక కిటికీలోంచి తాళ్లతో లాగించాల్సొచ్చింది. మరిది విచారణవాళ్ల దగ్గరే చోట్లు చూపించే పనిలో ఉండిపోయాడు. తిరిగి యంత్రం ఎక్కుతావా అంటే చూద్దాం వదినా అనేవాడు. అంతకుమించి ఎవరూ అడిగేవారు కాదు.

కొత్త గదిలో మొదటి రోజు ఉదయం అత్తగారు మంచం మీద నుంచి కాళ్లు దింపి, వెంటనే లేవకుండా, నేల వైపు చూస్తూ కూర్చుంది.

"కింద ఏముందే?"

"బట్టల కొట్టు అత్తయ్యా. నిన్న చూశారు కదా."

"దాని కింద?"

టైలరమ్మ కత్తెర ఆపి నేల వైపు చూసింది.

"తెలీదత్తయ్యా."

ఆవిడ కాళ్లు మళ్లీ మంచం మీదికి లాక్కుంది. టైలరమ్మ చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని, అడిగి రావడానికి మెట్లు దిగింది.